వేరుచేసి వెలుగు చూపిన విజ్ఞాని - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

రక్తహీనత రాకుండా గర్భిణీ స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. బోదకాలు వ్యాధి నిర్మూలనకు మన దేశంలో ఊరూరా పంచిన మాత్ర పేరు డైఇథైల్ కార్బమజైన్. రక్త క్యాన్సరు సోకిన పసిపిల్లలకూ, కీళ్ళవాతంతో బాధపడే పెద్దలకూ వైద్యులు వ్రాసే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఈ మూడింటి చరిత్రను వెదకుతూ వెనుకకు పోతే మూడు దారులూ అమెరికాలోని ఒకే పరిశోధనాలయానికి చేరుకుంటాయి. ఆ పరిశోధనాలయానికి సారథ్యం వహించినవారు భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన ఒక తెలుగువాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారు జీవితమంతా చేసిన పనిని ఒక్క మాటలో చెప్పాలంటే వేరుచేయడం. కండరం, కాలేయం, సూక్ష్మజీవులు పెరిగిన ద్రవం - వీటిలో వేలాది పదార్థాలు కలగలిసి ఉంటాయి. ప్రాణాన్ని నిలిపే పదార్థం ఆ గుంపులో అణుమాత్రంగా దాగి ఉంటుంది. దానిని తక్కినవాటి నుండి విడదీసి, శుద్ధిచేసి, దాని స్వరూప స్వభావాలను నిర్ణయించడమే ఆయన సాధన. ఆయన వేరుచేసినవి చిన్న అణువులు. అయితే ప్రోటీనుల వంటి బృహదణువులను వేరుచేయడానికి తరువాతి తరం శాస్త్రజ్ఞులకు ఉపకరించిన సాధనాలలో ఆ చిన్న అణువులే ముఖ్యమైనవి కావడం విశేషం.

బాల్యము - విద్యాభ్యాసము

సుబ్బారావుగారు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. అప్పటికి ఆంధ్ర ప్రాంతమూ, మన ఉత్తర ఆర్కాటు జిల్లా కూడా ఒకే మద్రాసు రాజధానిలో భాగాలు. కుటుంబం పెద్దది, ఆదాయం చిన్నది. దానికి తోడు రోగాలు, మరణాలు ఆ ఇంటిని వెంటాడాయి.

బాల్యంలో సుబ్బారావుగారు చదువుపై శ్రద్ధ చూపిన విద్యార్థి కారు. పదమూడేండ్ల వయసులో ఇల్లు విడిచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని బయలుదేరినట్లు ఆయన చరిత్రకారులు చెబుతారు. తల్లి ఆయనను వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. రాజమహేంద్రవరంలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష తప్పారు. మరల వ్రాసి మరల తప్పారు. చివరకు మద్రాసు తిరువళ్ళికేణిలోని హిందూ హైస్కూలులో చేరి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. ఇంటిలో కలిమి లేకున్నా కుమారుని చదువు ఆగరాదని తల్లి పట్టుబట్టడం వల్లనే ఆ మూడవ ప్రయత్నం సాధ్యమయింది.

ఆపైన ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. ఆ కాలంలో రామకృష్ణ మఠం ప్రభావం ఆయనపై బలంగా పడింది. సన్యసించి సేవలో జీవితం గడపాలని నిశ్చయించుకున్నారు. తల్లి అనుమతించలేదు. వైద్యవిద్య నేర్చుకుంటే రోగులకు సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమయింది. మామగారు ఆయన చదువుకు ఆర్థికంగా తోడ్పడ్డారు.

అవి జాతీయోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు నందుకొని సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్ళేవారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి అది నచ్చలేదు. వ్రాత పరీక్షలలో రాణించినప్పటికీ సుబ్బారావుగారికి పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కొరకు చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు.

మృత్యువు వేసిన ప్రశ్న

ఈ మధ్యకాలంలోనే ఆయన జీవితపు దిశను మార్చిన దుర్ఘటన జరిగింది. ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు మరణించారు. వారిని బలిగొన్న వ్యాధి స్ప్రూ. ఉష్ణమండల దేశాలలో కనబడే ఈ వ్యాధిలో ప్రేగులు ఆహార సారాన్ని గ్రహించలేవు. విరేచనాలు తగ్గవు, నాలుక పుండవుతుంది, రక్తం క్షీణిస్తుంది, తిన్నది ఒంటబట్టక మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుగారికి కూడా ఆ వ్యాధి సోకింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన కోలుకున్నారు. సోదరులు పోయారు, తాను మిగిలారు. అప్పటి వైద్యశాస్త్రంలో ఆ వ్యాధికి కారణం ఇదని గాని, మందు ఇదని గాని నిశ్చయంగా చెప్పగలవారు లేరు. ఆ సమాధానం వెదకడమే తన పని అని ఆయన నిర్ణయించుకున్నారు.

1920వ దశకపు తొలి సంవత్సరాలలో, మామగారి సహాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ విద్యార్థివేతనపు హామీతోనూ ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు. గర్భవతియైన భార్యను పుట్టింట విడిచి, కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని చెప్పి వెళ్ళారు. ఆ తిరుగు ప్రయాణం ఎన్నడూ జరగలేదు. పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. లోకానికి ఇంత మేలు చేసిన జీవితపు మూల్యంలో అధిక భాగం శేషగిరమ్మగారు చెల్లించారనడం అతిశయోక్తి కాదు.

రంగుతో కొలిచే విద్య

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా చదువుతున్న రోజులలో ఆయనకు భోజనానికి కూడా ఇబ్బందిగా ఉండేది. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పనికి కుదిరారు. వైద్య పట్టభద్రుడై కూడా ఆ పనిని చిన్నతనంగా భావించలేదు. పిమ్మట హార్వర్డు వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన ప్రారంభించారు.

రక్తంలోనూ, మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతి అప్పటికి లేదు. ఫిస్క్, సుబ్బారావుగార్లు 1925లో అటువంటి పద్ధతిని ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్ల మాలిబ్డేటును కలిపి, ఆ తరువాత క్షయకరణ ద్రవ్యాన్ని చేరిస్తే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత చిక్కన. ఆ రంగును తెలిసిన పరిమాణం గల ద్రవపు రంగుతో పోల్చి లెక్క తేల్చవచ్చును. నూరేండ్లు గడిచినా ఫిస్క్-సుబ్బారావు పద్ధతి జీవరసాయన ప్రయోగశాలల నుండి తొలగిపోలేదు. మన కళాశాలల ప్రయోగ పుస్తకాలలో కూడా అది ఆ పేరుతోనే నిలిచి ఉన్నది.

ఆ పద్ధతిని కండరాల రసానికి ప్రయోగించినపుడు ఒక వింత కనబడింది. నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ నెమ్మదిగా పెరిగింది. అవసరపడేవారు దానిని ప్రయోగంలోని లోపమని త్రోసివేసి ఉండేవారు. సుబ్బారావుగారూ ఫిస్కూ ఆ ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో ఫాస్ఫేటు విడిగా లేదు. వేరొక పదార్థంతో బంధమై ఉన్నది. ఆమ్లం తగిలినపుడు ఆ బంధం కొద్దికొద్దిగా వీడుతున్నది. ఆ పదార్థాన్ని వేరుచేసి అది ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో ప్రకటించారు. కండరం పనిచేసేటపుడు ఇది తరుగుతుంది, విశ్రాంతి వేళ మరల కూడుతుంది. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతానికి దీనితో గట్టి దెబ్బ తగిలింది. ఆ సిద్ధాంతంతో ముడిపడిన పరిశోధనలకు 1922 నోబెల్ బహుమతి లభించి ఉన్నదన్న సంగతిని గుర్తుంచుకుంటే ఈ ఫలితపు విలువ తెలుస్తుంది.

1929లో మరొక పదార్థం కండరం నుండి వెలువడింది. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. సంక్షిప్తంగా ఏ.టి.పి. అని నేటి ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా చెప్పగల పేరు. జీవకణంలోని శక్తి వ్యాపారమంతా ఈ నాణెంతోనే జరుగుతుంది. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు డాక్టరేటు లభించింది. కాని స్థిరమైన ఆచార్య పదవి దొరకలేదు. తమ కృషికి తగిన కీర్తి కొరకు ఆయన పోటీపడినవారు కారు.

కాలేయంలో దాగిన ఔషధము

స్ప్రూ వ్యాధిని ఆయన మరచిపోలేదు. ఆ వ్యాధిలో కనబడే రక్తహీనతకూ, ప్రాణాంతక రక్తహీనత అనే మరొక వ్యాధికీ పోలికలున్నాయి. రెండవ వ్యాధికి కాలేయం తినిపిస్తే గుణం కనిపిస్తుందని 1926లో అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీ నిరూపించారు. భారతదేశంలో బొంబాయి మిల్లు కార్మికులైన గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని 1930 ప్రాంతంలో చూపారు. అనగా కాలేయంలో ఒకటో రెండో తెలియని పదార్థాలు ఉన్నాయి. వాటిని బయటికి తీయాలి. సుబ్బారావుగారు 1940లో హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. కొద్ది కాలంలోనే పరిశోధనా విభాగానికి సంచాలకులయ్యారు.

ఇక్కడ వేరుచేయడమనే కళను గూర్చి కొంత చెప్పుకోవాలి. రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెట్ 1903లో వార్సాలో ఒక చక్కని ప్రయోగాన్ని వివరించాడు. గాజు గొట్టంలో సుద్దపొడిని కూరి, పై నుండి ఆకుల పసరు సారాన్ని పోసి, దానిమీద ద్రావకాన్ని నెమ్మదిగా వదిలితే పసరులోని రంగులు ఒకదాని క్రింద ఒకటి పట్టీలుగా విడిపోయాయి. సుద్దను గట్టిగా పట్టుకునే రంగు పైననే నిలిచింది. తేలికగా వదిలే రంగు క్రిందికి సాగింది. దీనికి ఆయన పెట్టిన పేరు క్రొమటోగ్రఫీ, అనగా రంగుల వ్రాత. పట్టుకోవడంలోనూ వదలడంలోనూ పదార్థాలకు గల తేడాయే ఈ విద్యకు ప్రాణం. తోళ్ళ పనికి పేరుపొందిన ఆంబూరు వాసులకు ఇది వింత కాదు. తంగేడు పట్ట కషాయంలో పచ్చితోలును నానవేస్తే కషాయంలోని ఒగరు ద్రవ్యం తోలులోని ప్రోటీనును పట్టుకొని వదలదు. నీరు మాత్రం విడిపోతుంది.

లెడర్లీలో కాలేయసారంపై జరిగిన పని కూడా ఈ సూత్రంపైననే నడిచింది. సారాన్ని బొగ్గుపొడి వంటి ద్రవ్యాలతో కలిపితే కావలసిన పదార్థం దానికి అంటుకుంటుంది. అంటనిదానిని పారబోసి, అంటినదానిని అమ్మోనియా కలిపిన ఆల్కహాలుతో కడిగి దింపుకుంటారు. ఇట్లా పలుమార్లు చేసినకొద్దీ మలినం తగ్గి పదార్థం చిక్కబడుతుంది. అయితే కంటికి కనబడని ఆ పదార్థం ఏ పాత్రలోనికి వచ్చిందో తెలిసేదెట్లు? దానికి లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి సాక్షిగా నిలిచింది. ఆ పదార్థం ఉంటేనే అది పెరుగుతుంది, లేకుంటే పెరగదు. ప్రతి పాత్రలోని ద్రవాన్నీ ఆ జీవికి పెట్టి, అది పెరిగిన పాత్రను ఉంచుకొని తక్కినవాటిని విడిచిపెట్టేవారు.

ఈ పదార్థాన్ని వెదకుతున్నవారు అప్పటికి పలువురు. టెక్సాస్‌లో ఒక బృందం 1941లో నాలుగు టన్నుల పాలకూర నుండి దీనిని సంగ్రహించి, ఆకునకు లాటిన్‌లో గల పేరును బట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేసింది. లెడర్లీలో స్టోక్‌స్టాడ్, హచింగ్స్ మొదలైనవారు కాలేయం నుండే గాక సూక్ష్మజీవుల కిణ్వన ద్రవం నుండి కూడా దీనిని శుద్ధిచేశారు. కాలేయపు పదార్థంలో ఒక గ్లుటామిక్ ఆమ్ల భాగం, కిణ్వన ద్రవపు పదార్థంలో మూడు భాగాలు ఉన్నట్లు తేలింది. ఆ పోలికలూ భేదాలూ అణువు నిర్మాణాన్ని విప్పి చెప్పాయి. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన వార్తను ప్రకటించిన వ్యాసం క్రింద 16 మంది పేర్లు ఉన్నాయి. సంచాలకులైన సుబ్బారావుగారి పేరు వారిలో ఒకటి, ఏడవది. ఆయన స్వభావాన్ని ఆ వరుస సంఖ్యే చెబుతుంది.

అదే కాలంలో స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇవ్వగా వారి రక్తం వృద్ధి చెందింది. తన సోదరులు మరణించిన పాతికేండ్లకు సుబ్బారావుగారికి సమాధానం దొరికింది.

ఔషధాల పంట

ఫోలిక్ ఆమ్లం చేతికి వచ్చిన పిమ్మట దాని రూపాన్ని కొంచెం మార్చి, కణాన్ని మోసగించే పదార్థాలను చేయవచ్చునని లెడర్లీ రసాయనికులు గ్రహించారు. అట్టి మారురూపాలలో ఒకటి అమినోప్టెరిన్. దానిని బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సరుతో మరణశయ్యపై ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ఆయన ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించినట్లు తెలిపారు. ఆ మేలు తాత్కాలికమే అయినా, ఆ వ్యాధిని మందుతో అదుపు చేయవచ్చునని లోకానికి తొలిసారి నమ్మకం కలిగింది. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

1947లో వెలువడిన హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజైన్, బోదకాలును కలిగించే క్రిములపై పనిచేసే మందు. 1948లో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి తీసిన ఆరియోమైసిన్ లోకానికి పరిచయమయింది. టెట్రాసైక్లిన్ వర్గంలో ఇదే మొదటిది. పదవీ విరమణ చేసిన డగ్గర్‌కు పనిచేయడానికి చోటు కల్పించినది ఆ పరిశోధనాలయమే. స్ప్రూ చికిత్సలో ఫోలిక్ ఆమ్లానికి తోడుగా వైద్యులు ఇచ్చేది టెట్రాసైక్లిన్ మందులనే. ఆ విధంగా సోదరుల ప్రాణాలు తీసిన వ్యాధికి రెండు ఔషధాలూ ఒకే కప్పు క్రింద నుండి వచ్చాయి.

ఒక్క లక్ష్యం మాత్రం ఆయనకు అందలేదు. ప్రాణాంతక రక్తహీనతను పూర్తిగా నయంచేసే పదార్థం ఫోలిక్ ఆమ్లం కాదు. అది రక్తాన్ని బాగుచేసినా నరాలకు కలిగే హానిని ఆపలేదు. కాలేయంలోని ఆ రెండవ పదార్థం కొరకు సుబ్బారావుగారు ఏండ్ల తరబడి శ్రమించారు. అయితే 1948లో అమెరికాలో మెర్క్ సంస్థకు చెందిన ఫోకర్స్ బృందం, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థకు చెందిన లెస్టర్ స్మిత్ బృందం దానిని ఎర్రని స్ఫటికాలుగా వేరుచేశాయి. అదే విటమిన్ బి12. లెస్టర్ స్మిత్ దానిని శుద్ధిచేయడంలో క్రొమటోగ్రఫీని వాడుకున్నారు. గొట్టంలో సాగే ఎర్రని పట్టీయే ఆయనకు దారి చూపింది.

ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏండ్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండబోతున్నది. పాతికేండ్లు అమెరికాలో జీవించినా ఆయన ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. స్వదేశాన్ని మరల చూడలేదు.

బృహదణువుల యుగము

సుబ్బారావుగారు మరణించిన తరువాతి రెండు దశాబ్దాలలో వేరుచేసే విద్య కొత్త ఎత్తులకు ఎదిగింది. ఫోలిక్ ఆమ్లపు అణుభారం 441, ఏ.టి.పి.ది 507. కణంలో పనిచేసే ప్రోటీనుల అణుభారాలు వేలలోనూ లక్షలలోనూ ఉంటాయి. వేడి తగిలినా, ఆమ్లం తగిలినా అవి విరిగి చెడిపోతాయి. వాటిని వేరుచేయడానికి మృదువైన మార్గాలు కావలసివచ్చాయి.

మొదటి మార్గం విద్యుదావేశం. ఆవేశం గల సెల్యులోజును గొట్టంలో నింపితే వ్యతిరేక ఆవేశం గల ప్రోటీనులు దానికి అంటుకుంటాయి. ఉప్పునీటి గాఢతను క్రమంగా పెంచితే ఒక్కొక్కటే దిగివస్తాయి. 1950లలో పీటర్సన్, సోబర్ దీనిని ప్రచారంలోనికి తెచ్చారు. రెండవ మార్గం పరిమాణం. స్వీడన్‌లో పోరాత్, ఫ్లోడిన్ 1959లో సూక్ష్మరంధ్రాలు గల జెల్ పూసలను ఉపయోగించారు. దీనిని రథోత్సవంతో పోల్చవచ్చును. రథం పెద్దది కనుక రాజవీధిననుసరించి నేరుగా పోతుంది. పిల్లలు ప్రతి సందులోనికీ దూరి తిరిగి ఆలస్యంగా చేరుతారు. అట్లే పెద్ద అణువులు పూసల రంధ్రాలలో దూరలేక ముందుగా వెలువడతాయి. చిన్నవి లోపల తిరిగి తిరిగి వెనుక వస్తాయి. ఏ అణువు ఎప్పుడు వెలువడినదో గమనించి, తెలిసిన అణుభారం గల ప్రోటీనులతో పోల్చి, తెలియనిదాని అణుభారాన్ని అంచనా కట్టవచ్చును.

మూడవది అఫినిటీ క్రొమటోగ్రఫీ. 1968లో ఆ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ పద్ధతిలో, ఒక ప్రోటీను స్వభావసిద్ధంగా దేనిని పట్టుకుంటుందో దానినే ఎరగా గొట్టంలోని పూసలకు కట్టివేస్తారు. కణంలోని రసమంతా పోసినా ఆ ప్రోటీను ఒక్కటే ఎరను పట్టి నిలుస్తుంది. తక్కినవన్నీ కొట్టుకుపోతాయి.

సుబ్బారావుగారి కృషి మరల వెలుగులోనికి వచ్చేది ఇక్కడే. మెథోట్రెక్సేట్ కణంలో ఏ ఎంజైమును అడ్డగిస్తుందో దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. అణుభారం సుమారు 20,000. దానిని శుద్ధిచేయడానికి 1960ల చివరి నుండి శాస్త్రజ్ఞులు వాడుతున్న ఎర మెథోట్రెక్సేటే. ఒకనాడు ఫోలిక్ ఆమ్లాన్వేషణలో సాక్షిగా నిలిచిన లాక్టోబాసిల్లస్ కేసీలోని ఆ ఎంజైము స్ఫటిక నిర్మాణం కూడా, మెథోట్రెక్సేట్ దానిని పట్టుకొని ఉన్న స్థితిలోనే, 1970లలో వెల్లడయింది. ఏ.టి.పి.ని ఎరగా కట్టి, దానిని వాడుకునే ఎంజైములను పట్టే పద్ధతి వచ్చింది. జీర్ణకోశంలో విటమిన్ బి12ను పట్టుకొని ప్రేగులకు చేర్చే ప్రోటీనును 1973లో బి12నే ఎరగా ఉంచి వేరుచేశారు. ప్రాణాంతక రక్తహీనతకు అసలు కారణం ఆ ప్రోటీను లోపమే. ఇక గొట్టం నుండి దిగే పాత్రలలో భాస్వరం గల పదార్థం ఎందులో ఉన్నదో తేల్చడానికి బార్ట్‌లెట్ 1959లో ప్రకటించిన ప్రసిద్ధ పద్ధతి, 1925 నాటి ఫిస్క్-సుబ్బారావు పద్ధతికి సవరణయే. ఆ వ్యాసపు శీర్షికలోనే క్రొమటోగ్రఫీ పేరున్నది.

వేలూరు సీమకు వచ్చిన ఫలము

ఈ కథ ఎక్కడో అమెరికాలో జరిగినదని ఆంబూరు ప్రజలు అనుకోనక్కరలేదు. 1960ల తొలి సంవత్సరాలలో ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెలలో స్ప్రూ వ్యాధి అంటువ్యాధి వలె చెలరేగింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ మొదలైన వైద్యులు ఆ వ్యాధిపై చేసిన పరిశోధనలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. ఆ రోగుల రక్తహీనత విషయంలో వారు పరిశీలించవలసివచ్చినవి ముఖ్యంగా ఫోలిక్ ఆమ్లమూ, విటమిన్ బి12ను. నలభై ఏండ్ల క్రితం ఒక తెలుగు ఇంటిలో ఎనిమిది రోజులలో ఇద్దరిని తీసుకుపోయిన వ్యాధి పాలారు తీరపు సీమకు వచ్చేనాటికి దానిని ఎదుర్కొనే మందు వైద్యుని చేతిలో ఉన్నది.

సుబ్బారావుగారికి నోబెల్ బహుమతి రాలేదు. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆయన పేరు తెలియనివారే అధికమైనప్పటికీ ఆయన మందు అందని ఊరు లేదు.

మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పిన బాలుని పేరు మొదటి రెండు సంవత్సరాల ఉత్తీర్ణుల జాబితాలో లేదు. ఆ జాబితాను చూచి అతనిని అంచనా కట్టినవారు పొరబడ్డారు. మాలిబ్డేటు పాత్రలో నీలిరంగు ఆలస్యంగా వచ్చినపుడు దానిని పారబోయక వేచి చూచినందుకే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కుమారుడు రెండుసార్లు తప్పినపుడు వెంకమ్మగారు కూడా అట్లే వేచి ఉన్నారు. తరగతి గదిలో వెనుక వరుసన కూర్చున్న పిల్లల విషయంలో ఉపాధ్యాయులూ, తల్లిదండ్రులూ చూపవలసిన ఓర్పు అదే.